కంది చేనులో వాలిన గ్లైడర్

పదకొండు గంటల ఇరవై ఆరు నిమిషాలు.

కంది చేను నడుమ దాని ఆసామి దామోదర్ వెల్లకిలా పడి ఉన్నాడు. మెడ కుడివైపు మూడు గాట్లు, ఒకదాని పక్కన ఒకటి. నెత్తురు మట్టిలోకి ఇంకి నల్లబడింది. ఛాతీ మీద అడ్డంగా ఒక మోడల్ విమానం. మూడున్నర మీటర్ల తెల్లని రెక్క. విరిగిన ముక్కు. ప్రొపెల్లర్ రేకుల నిండా నెత్తురు.

ఎస్సై సుచరిత కంది మొక్కలను పక్కకు తప్పించుకుంటూ వచ్చి శవం దగ్గర ఆగింది. ఒంటి మీద యూనిఫాం లేదు. పసుపు రంగు కొత్త చీర ఉంది.

పావుగంట క్రితం దాకా ఆమె ఒట్టి ప్రేక్షకురాలు. పెళ్లయి తొమ్మిది రోజులు. లీవు ఇంకా రెండు రోజులు మిగిలి ఉంది. భర్త నరేశ్ ఐటీఐలో పాఠాలు చెబుతాడు. దేవరకొండకు పది కిలోమీటర్ల అవతల బీడులో మోడల్ విమానాల పోటీ ఉందని ఆమెను వెంటబెట్టుకొచ్చాడు. విమానం కనిపిస్తే చాలు, మెడ పట్టేసేదాకా పైకే చూస్తాడు. అలా చాచిన ఆ మెడను చూస్తూ కూర్చోవడం సుచరితకు భలే నచ్చింది. డిసెంబర్ ఎండ నచ్చింది. వేడి మిర్చీలు నచ్చాయి. చప్పుడు లేకుండా తిరిగే తెల్లని రెక్కలైతే మరీ నచ్చాయి.

ఇప్పుడు అలాంటి రెక్క కిందే ఒక మనిషి చచ్చిపడి ఉన్నాడు.

"ముందు ఎవరు చూసిన్రు?" అడిగింది.

"నేనే మేడం. క్లబ్బు మహేష్ సారు నా ఎన్కనే ఉండె." బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుల్ జంగయ్య చెమట తుడుచుకున్నాడు. "ఆయన కంచె దుంకబోయి ప్యాంటు చింపుకున్నడు. నేను గండి కాడ కంప గుంజి లోపలికొచ్చిన. చూస్తే గిట్ల."

"ఏమైనా ముట్టుకున్నరా?"

"లే మేడం. విమానం తాకి సచ్చిండు. ముట్టేందుకు ఏమున్నది?"

చేను చుట్టూ తుమ్మకంప కంచె. లోపలికి ఒక్కటే గండి. మైదానానికీ చేనుకూ మధ్య పెద్ద పెద్ద గుండ్ల గుట్ట ఒకటి అడ్డం. అక్కడ రెండు వందల మంది జనం ఉన్నా ఇక్కడ జరిగింది ఒక్కరికీ కనిపించలేదు. పైగా ఆ సమయంలో అందరి తలలూ ఆకాశం వైపే ఉన్నాయి.

సుచరిత వంగి విమానం ముక్కు వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నరేశ్‌కు ఫోన్ చేసింది.

"ఏమండీ, ఓ గంట ఆగి గుట్ట ఎన్కకు రండి. మీ పాఠం ఇంకోసారి చెప్పాలె."

* * *

మైదానంలో జనం ప్రణీత చుట్టూ మూగారు.

ప్రణీతకు ఇరవై ఏళ్లు. ఇంజనీరింగ్ చదువుతోంది. ఆ గ్లైడర్ ఆమెదే. నాలుగు నెలలు కూర్చొని తన చేతులతో చేసుకుంది. ఇప్పుడు ట్రాన్స్‌మిటర్‌ను ఒళ్లో పెట్టుకొని నేల మీద కూర్చొని ఉంది. పెదవులు తడారిపోయాయి.

"గొర్లు గాసేటోని బిడ్డకు ఇమానమెందుకే?" ఎవడో అరిచాడు.

"కట్టె పట్టుకోవాల్సిన చేతికి రిమోట్ ఇస్తే గిట్లనే ఐతది."

"ఓ పిల్లా, ఇంకోటి లేపు! మా సర్పంచు గూడ గాడనే ఉన్నడు!"

జనం గొల్లున నవ్వారు. ఒక ముసలామె వచ్చి ప్రణీత ముందు ఉమ్మేసి పోయింది.

పక్కనే ఆమె తండ్రి బీరన్న గొంతుక్కూర్చొని ఉన్నాడు. భుజం మీద గొంగడి. కూతురి ఆట చూడటానికి రావడం అదే మొదటిసారి.  కూతురి వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు.

సుచరిత వచ్చి జనాన్ని ఒక్క చూపుతో జరిపింది.

"ఎన్ని గంటలకు లేపినవ్?"

"పది నలభైకి మేడం."

"ఎప్పుడు దిగింది?"

"పది యాభై దాటినంక. గాలి గుట్ట అవతలికి గుంజుకపోయింది. కనిపించకుంట పోయింది. నేను మెల్లగ దించిన అనుకున్న..." ఆమె ట్రాన్స్‌మిటర్‌ను పక్కన పెట్టింది. "నేనే చంపిన మేడం. నన్ను తీస్కపోండి."

"తొందరేం లేదు. అంత సేపూ ఇక్కడనే ఉన్నవా?"

"ఈడనే ఉన్న. నాకు ఇంకో రౌండు ఉండె. బాపు తెస్తనన్నడు."

సుచరిత తల తిప్పింది. "నువ్వు ఎప్పుడు పోయినవ్ బీరన్నా?"

"దామోదర్ పటేలు పోయినంక పోయిన మేడం. ఆయన 'నా చేన్ల పడ్డది, ముక్కలు ముక్కలు జేసి తెస్త' అనుకుంట పోయిండు. అందరు ఇన్నరు."

ఆ మాట సుచరిత కూడా విన్నది. వాచీ కూడా చూసుకుంది. పది యాభై మూడు.

"చేన్లకు పోయినవా?"

"లే. నేను వాగు దిక్కు పోయిన. గాడ పడ్డదనుకున్న. దేవులాడి దేవులాడి పదకొండు ఇరవైకి ఒట్టి చేతులతోని వచ్చిన."

"దామోదర్‌తో నీకు పంచాయతి ఉండె గదా?"

బీరన్న ఆమె కళ్లలోకి చూశాడు. "పోయినేడు నా పద్దెనిమిది గొర్లు ఆయన చేన్ల జొచ్చి సచ్చినయి. ఊరందరికి ఎర్కే. గా పంచాయతి ఒడిసింది."

* * *

మహేష్ హైదరాబాద్ మోడల్ క్లబ్ కార్యదర్శి. పోటీ నడిపేది అతనే. చిరిగిన జీన్స్ మోకాలి దగ్గర నెత్తురు చార ఉంది.

"ఈ నెత్తురు?"

"కంచె ముల్లు మేడం. మీ కానిస్టేబుల్ చూశాడు."

"నిన్న దామోదర్‌ను చంపుతానని అన్నారట?"

మహేష్ మొహం ఎర్రబడింది. "అన్నాను. ప్రాక్టీసులో నా విమానం ఆయన చేనులో దిగింది. చెక్కుచెదరలేదు. ఆయన దాని మీద ఎక్కి తొక్కాడు. నా వైపు చూస్తూ, నవ్వుతూ తొక్కాడు. ఆరు నెలల పని మేడం! కోపంలో అన్నాను."

"ఇవాళ పదిన్నర నుంచి పదకొండున్నర వరకు ఎక్కడున్నారు?"

"పది యాభై ఎనిమిదికి బైక్ మీద గ్లైడర్‌ను వెతకడానికి వెళ్లాను. రోడ్డు వైపు తిరిగాను. పదకొండు పదిహేనుకు వచ్చేశాను."

"సాక్ష్యం?"

"ఎవరూ లేరు."

"బీరన్న మీతో పొద్దున ఏమైనా మాట్లాడాడా?"

"ఒకటే అడిగాడు. ఈ విమానం ఎవరికైనా తగిలితే పిల్లను జైల్లో పెడతారా అని. భయపడుతున్నాడనుకున్నాను. ఇన్సూరెన్స్ ఉంది, యాక్సిడెంట్‌కు ఎవరినీ జైల్లో పెట్టరని ధైర్యం చెప్పాను."

"చట్టం మీకు బాగానే తెలుసు," అంది సుచరిత.

ఆమె గొంతులో వెటకారం మహేష్‌కు గుచ్చుకుంది. అతను నేల చూశాడు.

* * *

పన్నెండు నలభై. నరేశ్ గ్లైడర్ ముక్కు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. శవం వైపు చూడకుండా ఉండటానికి తంటాలు పడుతున్నాడు.

"పొద్దున చెప్పాను కదా సుచీ. ఈ పోటీలో మోటార్ ముప్పై సెకన్లకు మించి తిరగకూడదు. పైకి ఎక్కడానికే మోటార్. తర్వాత ఆపేస్తారు. ఆపగానే ప్రొపెల్లర్ రేకులు రెండూ వెనక్కి మడుచుకొని ముక్కుకు అతుక్కుంటాయి. పిట్ట కాళ్లు ముడుచుకున్నట్టు."

"దిగేటప్పుడు?"

"మడిచే ఉంటాయి. తిరగవు."

"తిరగని రేకు మెడను కోస్తదా?"

నరేశ్ మింగుడుపడనట్టు చూశాడు. "ముక్కుతో గుద్దితే కమిలిపోతుంది. ఎముక విరగొచ్చు. ఇలా కోసినట్టు... కాదు."

"నెత్తురు రేకు పైవైపే ఉంది. మడత లోపల తెల్లగ ఉంది. ఎవరో పూసిన్రు." ఆమె లేచి నిలబడింది. "ఇంకేముంటది దీంట్ల?"

"లాగర్. వేలెడంత ఉంటుంది. ఎంత ఎత్తులో ఉందో, మోటార్ ఎప్పుడు తిరిగిందో సెకన్లతో సహా రాసుకుంటుంది. బ్యాటరీ తీసేదాకా రాస్తూనే ఉంటుంది."

ఫొటోలు తీయించి, పంచ సాక్షుల ముందు లాగర్ బయటికి తీయించింది. మహేష్ లాప్‌టాప్‌లోనే దాని గ్రాఫు గీత తెరుచుకుంది. నరేశ్ చదువుతుంటే సుచరిత నోట్‌బుక్‌లో రాసుకుంది.

10:40:00. లాంచ్.

10:40:28. మోటార్ ఆఫ్. మళ్లీ ఆన్ కాలేదు.

10:51:06. నేల. మెత్తగా దిగింది.

10:59. మీటరున్నర పైకి లేచింది.

11:02. మెల్లగా కిందికి. నేల.

11:14. మీటరు పైకి. ఒక కుదుపు. మళ్లీ కిందికి. అంతే.

సుచరిత చివరి మూడు వరుసల కింద గీత గీసింది.

దామోదర్ మైదానం నుంచి కదిలింది పది యాభై మూడుకు. అప్పటికే విమానం నేల మీద ఉంది. మనిషి రాకముందే దిగిన విమానం మనిషికెలా తగులుతుంది?

ఇది హత్య. పదకొండు రెండుకూ పదకొండు పద్నాలుగుకూ మధ్య.

మహేష్ పదకొండు పదిహేనుకు తిరిగొచ్చాడు. బైక్ మీద ఒక్క నిమిషం చాలు. బీరన్న ఇరవైకి వచ్చాడు. కాలినడకన ఆరు నిమిషాలు. ఇద్దరికీ కుదురుతుంది. ఇద్దరికీ పగ ఉంది.

ఎవరు?

ఆమె గండి దగ్గరికి నడిచింది. గుంజి పడేసిన తుమ్మకంప పక్కన అలాగే ఉంది.

"జంగయ్యా, నువ్వు వచ్చేటప్పటికి ఇది గండికి అడ్డమే ఉందా?"

"అడ్డమే ఉండె మేడం. గట్టిగ తొక్కి పెట్టిన్రు."

"గుంజితే ముల్లు గుచ్చుకుందా?"

"లే. కంప మొదలు నా దిక్కే ఉండె. పట్టుకొని గుంజిన, వచ్చింది."

"నీ దిక్కంటే? బయటి దిక్కా?"

"ఆఁ, బయటి దిక్కే."

సుచరిత చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసి జంగయ్యకు ఎందుకో చలేసింది.

* * *

రెండు ముప్పై ఐదు. శవాన్ని దవాఖానకు పంపాక ఆమె ముగ్గురినీ చేనులోకి పిలిపించింది. పంచనామాకు ఎవరెవరు ఎక్కడ తిరిగారో చూపించాలంది. ప్రణీత నెత్తురు మరకను చూసి నోరు మూసుకుంది. మహేష్ తనకేమీ తెలియదని మూడుసార్లు చెప్పాడు. బీరన్న గొంగడి సర్దుకున్నాడు.

"సరే. పదండి బయటికి."

ముందు సుచరిత, నరేశ్, జంగయ్య బయటికి వచ్చారు. తర్వాత ప్రణీత. ఆ తర్వాత మహేష్. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి చెట్టు నీడన నిలబడ్డాడు.

చివర బీరన్న.

గండి దాటాడు. ఆగాడు. వంగాడు. తుమ్మకంప మొదలు పట్టుకొని గండికి అడ్డంగా గుంజాడు. కాలితో రెండుసార్లు తొక్కి బిగించాడు. చేతులు దులుపుకున్నాడు.

చుట్టూ కనుచూపు మేరలో ఒక్క గొర్రె లేదు.

సుచరిత కంప మొదలు వైపు చూసింది. అది బయటి దిక్కే ఉంది.

 ఆమె తిన్నగా ప్రణీత దగ్గరికి వెళ్లి, జంగయ్య దగ్గరున్న బేడీలు తీసుకొని ఆ పిల్ల మణికట్టుకు వేసింది.

"ప్రణీతా, నిర్లక్ష్యంతో ఒక మనిషి ప్రాణం తీసినందుకు అరెస్ట్ చేస్తున్న. ఐదేళ్ల దాకా పడొచ్చు."

"సుచీ..." నరేశ్ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె వేలెత్తింది. అతను ఆగిపోయాడు.

ప్రణీత ఎదురు చెప్పలేదు. రెండో చెయ్యి తనే చాచింది.

"మేడం!" బీరన్న అరిచాడు. "యాక్సిడెంటుకు జేలుండదన్నరు గదా!"

"ఎవరన్నరు?"

"గా సారన్నడు!"

"ఆ సారు విమానాలు నడుపుతడు. కోర్టు నడపడు. ఇంజనీరింగ్ ఒడిసినట్టే. ఉద్యోగం రాదు. బయటికి వచ్చేటప్పటికి ఇరవై ఐదేళ్లు. మీ ఊర్ల ఆమెను ఏమని పిలుస్తరో ఇందాక ఇన్నవు గదా?"

జంగయ్య ప్రణీత భుజం పట్టుకున్నాడు. పిల్ల జీపు వైపు నడిచింది. పది అడుగులు. పదిహేను.

"ఇడువుండ్రి," అన్నాడు బీరన్న. "నేనే సంపిన."

జంగయ్య ఆగాడు.

"గట్టిగ చెప్పు బీరన్నా. నీ బిడ్డకు ఇనవడాలె."

"నేనే సంపిన! కొమ్మలు గొట్టే గొడ్డలి గుట్ట మీద గుండ్ల సందున ఉన్నది. తీసుకోండ్రి. పిల్లను ఇడువుండ్రి."

మహేష్ నోరు తెరిచాడు. "మేడం... మీకెలా తెలిసింది?"

"మీరు ఇప్పుడు గండి దాటి వచ్చిన్రు. మూసిన్రా?"

"లేదు. ఎందుకు మూస్తాను?"

"అదే. పొద్దున దామోదర్ లోపలికి పోయి చచ్చిపోయిండు. ఆయన మూస్తే కంప మొదలు లోపలి దిక్కు ఉంటది. బయటి దిక్కు ఉన్నదంటే, ఆయన సచ్చినంక ఒకరు బయటికొచ్చి మూసిన్రు. మనిషిని సంపి పారిపోయేటోడు కంచె ఎందుకు మూస్తడు? ఊరోళ్లు కాని మీకు ఆ ఆలోచనే రాదు. ఊర్ల అందరికీ గూడ గుర్తుండదు." ఆమె బీరన్న వైపు తిరిగింది. "తెరిచిన గండిని చూసి తట్టుకోలేనోడు ఒక్కడే ఉన్నడు."

బీరన్న కంచెను చూస్తున్నాడు.

"గిదే గండి," అన్నాడు. "పోయినేడు తెరిచి ఉండె. నేను మూత్రానికి పోయొచ్చేటాల్లకు గొర్లు జొచ్చినయి. చేను మెయ్యలే మేడం. నీళ్ల తొట్టి కాడికి పోయినయి. పటేలు తొట్ల గుళికల మందు గలిపి పెట్టిండు. ఎర్కుండే కలిపిండు. గండి గూడ ఆయనే తెరిచిండు. గొర్లు కాళ్లు గొట్టుకుంట పడుతుంటె ఒడ్డు మీద కూసొని జూసిండు. 'ఇంకొకటి, ఇంకొకటి' అనుకుంట లెక్కవెట్టిండు. గప్పటిసంది యాడ గండి కనవడ్డ మూస్త. నా చెయ్యి నా మాటినదు."

"పదకొండు రెండుకు కొట్టినవ్. పదకొండు పద్నాలుగుకు విమానం ఆయన మీద పెట్టినవ్. మధ్యల పన్నెండు నిమిషాలు ఏం చేసినవ్?"

బీరన్న తల ఎత్తాడు. ఆ ముఖంలో మొదటిసారి ఒక రకమైన తృప్తి కనిపించింది.

"ఒడ్డు మీద కూసున్న."

"ఎందుకు?"

"పానం మెల్లగ పోయింది మేడం. జూసిన. నీళ్లడిగిండు."

"ఇచ్చినవా?"

"తొట్టి జూపిచ్చిన."

నరేశ్ మొహం తిప్పుకొని దూరంగా నడిచాడు. సుచరిత మాత్రం నోట్‌బుక్‌లో పేజీ తిప్పింది.

"ఇంకొకటి. పది యాభై తొమ్మిది నుంచి పదకొండు రెండు దాకా విమానం దామోదర్ చేతుల్లో ఉంది. తొక్కలేదు. విరగ్గొట్టలేదు. ఏం చేసిండు?"

బీరన్న కూతురి వైపు చూశాడు.

"చెప్పు బాపు," అంది ప్రణీత.

"జూస్తాండె బిడ్డా. ఎండకు అడ్డం బెట్టి రెక్కను జూస్తాండె. నేను పోంగనే 'నీ బిడ్డే జేసిందారా బీరిగా?' అన్నడు. అవునన్న. 'మంచిగ జేసింది' అన్నడు. మెల్లగ కిందవెట్టిండు."

"అప్పుడు?" సుచరిత అడిగింది.

"కిందవెట్టనీకె వంగిండు గదా. మెడ కనవడ్డది."

గాలికి కంది కాయలు గలగలమన్నాయి.

"ముక్కు?" ప్రణీత గొంతు చాలా మామూలుగా ఉంది. "ముక్కు ఎట్ల ఇరిగింది?"

"మోకాలి మీద ఇరిచిన. పై నుంచి పడ్డట్టు కనవడాలె గదా బిడ్డా."

"నేను మూడు గంటలు ఏడ్చిన. నువ్వు నా పక్కనే కూసున్నవ్."

"నీకేం గాదన్నరు. గందుకే ఊకున్న."

"అందరు నా మీద ఉమ్మిన్రు బాపు."

బీరన్న గొంగడి కొసతో ముఖం తుడుచుకున్నాడు. "తుడుచుకుంటె పోతది బిడ్డా," అన్నాడు.

సుచరిత ప్రణీత చేతుల నుంచి బేడీలు తీసింది. అవే బేడీలు బీరన్న చేతులకు వేసింది. ఇనుముకు ఆ పిల్ల ఒంటి వేడి ఇంకా ఉంది.

* * *

మూడు గంటల పది నిమిషాలకు జీపు కదిలింది. బీరన్న వెనక్కి తిరిగి చేయి ఊపబోయాడు. బేడీల వల్ల రెండు చేతులూ కలిసే లేచాయి. దండం పెట్టినట్టు అయింది. ప్రణీత చూస్తూ నిలబడింది. దుమ్ము సద్దుమణిగేదాకా కదల్లేదు.

"ఇంటికి జంగయ్య దింపి వస్తడు," అంది సుచరిత. "నీ మీద కేసేం లేదు. నీ పేరు సాక్షిగానే ఉంటది."

"బాపు మీద సాక్ష్యమా?"

"అవును."

ప్రణీత తల ఊపింది. 

"నాకు బేడీలు ఏసేటప్పుడే మీకు తెలుసు గదా మేడం. సంపింది బాపని."

"తెలుసు."

"నన్ను ముందల పెట్టకుంట అడిగితే చెప్పకపోయేటోడా?"

"చెప్పేటోడు కాదు. గొడ్డలి దొరికేటాల్లకు సాక్ష్యం తుడిచేసుకునేటోడు. నిన్ను చూస్తేనే ఒప్పుకుంటడని తెలుసు."

"గొర్లకు తొట్టి పెట్టినట్టు," అంది ప్రణీత.

సుచరిత నోట్‌బుక్ మూసింది.

ఆ పిల్ల సుచరిత చేతుల వైపు చూసింది. అరచేతుల నిండా, వేళ్ల కొసల దాకా తీగలు, పూలు.

"మైదాకు మంచిగ పండింది మేడం. కొత్తగ పెండ్లయిందా?"

"తొమ్మిది రోజులు."

"అదే అనుకున్న. మా బాపు చేతులకు తాళం ఏస్తుంటె ఎర్రగ, శాన సక్కగ కనవడ్డయి."

సుచరిత రెండు చేతులూ కొంగు కిందికి తీసుకుంది.

ప్రణీత నవ్వింది. తర్వాత గండి దగ్గరికి వెళ్లి, తండ్రి తొక్కి బిగించిన తుమ్మకంపను మొదలంటా గుంజి అవతల పడేసింది. గండి బార్లా తెరుచుకుంది. ఆమె దాన్ని అలాగే వదిలేసి ఊరి దారి పట్టింది.